ఆవలి ఒడ్డు మూటలు

మా నాయన మగ్గం కింద ఎన్నో ఇళ్ళ బంగారం ఉండేది. అందులో మాది గురిగింజ ఎత్తు కూడా లేదు.

గుంట మగ్గం చూడనివాళ్ళకు చెప్తాను. నేసే మనిషి నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటాడు. మా ఇంట్లో ఆ గుంట గోడకు అరలు తవ్వి, వాటిలో చిన్న చిన్న కుండలు పెట్టి, కుండల్లో మూటలు దాచేవారు. అరకు అడ్డంగా బండ పలక, పలక మీద మట్టి పూత, దాని ముందు నాయన మోకాళ్ళు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా ఆయన అక్కడినుంచి కదిలేవాడు కాదు. గద్వాల కోటలో ఖజానా కాసే జవాన్లయినా చుట్ట కాల్చుకోవడానికి లేచేవారేమో గాని నాయన లేచేవాడు కాదు. మూటల మీద భక్తితో కాదు, చీర దిగకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు గనక.

ఆ మూటలన్నీ ఆవలి ఒడ్డువి. మాది తుంగభద్ర పక్కన రాజోలి. మా ఒడ్డు గద్వాల సంస్థానం, దాని మీద హైదరాబాదు నిజాము. నది దాటితే కర్నూలు జిల్లా, ఇంగ్లీషువాళ్ళ రాజ్యం. ఎండాకాలంలో మోకాటి లోతు నీళ్ళలో నడిచి దాటేసే నదే, వానలు పడితే పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, ఎక్కాలి. అంత చిన్న నదికి అటు కల్దారు రూపాయి, ఇటు హాలీ సిక్కా. అటు కోర్టులో ఇంగ్లీషు కాగితం, ఇటు కచ్చేరిలో ఉర్దూ కాగితం. అక్కడి కాగితం ఇక్కడ చెల్లాలంటే అది మద్రాసు చూసి, హైదరాబాదు చూసి, గద్వాలకు వచ్చి, ఆఖరుకు మా పటేలు చేతిలో పడాలి. "ఆ కాగితం కాశీయాత్ర చేసి వచ్చేటాల్లకు మనం రెండు పంటలు కోసుకోవచ్చు" అనేది మా అవ్వ.

అవ్వంటే నాయనకు తల్లి. ఈ మూటల వ్యవహారమంతా ఆమెదే.

అవి వేరుసెనగ ధర పడిపోయిన ఏళ్ళు. ఆవలి ఒడ్డు రైతుల ఇళ్ళ మీదికి కోర్టు అమీనా వచ్చి బిందెలూ చెంబులూ జప్తు చేసుకుపోతున్నాడని వినేవాళ్ళం. భూమిని ఎత్తుకుని ఎవరూ నది దాటలేరు. ఆడవాళ్ళ గొలుసులు, మురుగులు దాటగలవు. అలా దాటి మా గుంటలోకి వచ్చేవి. అప్పిచ్చినవాడి కంటికి అవ్వ దొంగలకు సద్ది కట్టే మనిషి. అప్పు తీసుకున్నవాడికి గ్రామదేవత. ఇందులో న్యాయమెంత అని నన్ను అడక్కండి, ఇప్పటికీ నాకు తేలలేదు. తమాషా ఏమిటంటే, మా ఊళ్ళో కాస్త కలిగినవాళ్ళు తమ సొమ్ము తీసుకుపోయి ఆవలి ఒడ్డు చుట్టాల ఇళ్ళలో దాచుకునేవారు. ఎవరికీ తమ ఒడ్డు మీద నమ్మకం లేదు. అందరికీ నది మీదే నమ్మకం.

ఆ వ్యాపారానికి అవ్వ పెట్టిన చట్టం చాలా చిన్నది. పేరు అడగదు. ఊరు అడగదు. మూట విప్పి చూడదు. ఎందుకు పెడుతున్నావనీ, ఎందుకు తీసుకుంటున్నావనీ అడగదు. "అడిగితే నేను సాక్ష్యం అయిత. అడగకుంటే ఉత్త గోడను. గోడను ఏ కోర్టుకు పిలుస్తరు?" అనేది. కాగితం రాయించడం అసలే లేదు. మూట అమానతు పెట్టినవాళ్ళు మా పడుగుకు గంజి కాయడానికి ఒక మానెడు జొన్నలు తెచ్చిస్తే చాలు.

ఇక గుర్తు. చీర దిగాక కొసన మిగిలిన అంచు ముక్క, జానెడంత, పట్టూ జరీ ఉన్నది, ఒకటి తీసేది. దాన్ని ఎడమచేత పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, హంస అయితే హంస, మామిడి పిందె అయితే పిందె, దాని నడిమధ్యనుంచి కత్తెరను వంకరటింకరగా నడిపించేది. చూస్తూ కోస్తే చెయ్యి పాత దారే పడుతుందట, చూడకుండా కోస్తే ఆమే మళ్ళీ ఆ కోత కోయలేదట. సగం పెట్టినవాళ్ళకు, సగం మాకు. ఎవరు ఆ సగం తెచ్చి కలిపితే వాళ్ళకు మూట. రాజు వచ్చినా సరే, ముక్క కలవకపోతే మూట లేదు.

మా సగాలన్నీ లోపలి గదిలో ఒక దారానికి కట్టి ఉండేవి. కోసేటప్పుడు మొహం తిప్పుకునే అలవాటు పోలేదు గాని, అవ్వకు అప్పటికే కళ్ళకు పొర కమ్మింది. వెలుగూ నీడా తెలిసేవి గాని బొమ్మ తెలిసేది కాదు. అందుకని వచ్చినవాళ్ళ ముక్క చూసి, దానికి తగ్గ ముక్కను దారం మీదినుంచి విప్పుకు రావడం నా పని. రెండూ ఆనించి కోత వెంట వేలి కొసలతో తడిమి కలిసిందీ లేనిదీ చెప్పడం ఆమె పని. నాకు పదకొండో పన్నెండో ఏళ్ళు. ముప్పై ముక్కలుంటే ముప్పై నాకు కంఠతా వచ్చు. అందుకు చాలా గర్వంగా కూడా ఉండేది.

మా అమ్మ నేను నడక నేర్వకముందే పోయింది. ఆమె మొహం నాకు తెలియదు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆవలి ఒడ్డునుంచి ఒకామె వచ్చేది.

మొదటిసారి అందరిలాగే మూటతో వచ్చింది. చిన్న మూట, పిడికిట్లో పట్టేంత. హంస అంచు ముక్క తీసుకుని పోయింది. అంతటితో పెట్టినవాళ్ళు మళ్ళీ అవసరం పడేదాకా కనపడరు, కనపడకూడదు కూడా. ఈమె మాత్రం రెండు నెలలకు తిరిగి వచ్చింది. "ఒకసారి సూసుకోని పోతా అవ్వా" అంది. నాయన కాళ్ళు పక్కకు జరిపి మూట తీసి ఇచ్చాడు. ఆమె విప్పలేదు. కాసేపు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఇచ్చేసింది. పుట్టి తిరిగి పోవడానికి ఇంకా పొద్దుంది. నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది.

"ఏం పాపా, తలలో ఇంత గంజి ఉండాదేంది? పడుగుకు పూసేది నీకూ పూసినారా?"

అవ్వ పకపకా నవ్వింది. నాకు కోపం వచ్చింది, కాని లేవలేదు. ఆమె వేళ్ళు చిక్కులు తీస్తుంటే నొప్పి పుట్టేది కాదు. అవ్వ దువ్వితే జుట్టు సగం దువ్వెనలో, సగం నా తల మీద ఉండేది.

అలా ఏడాదిన్నర వచ్చింది. ప్రతిసారీ మూటను ఒళ్ళో పెట్టుకునేది, ప్రతిసారీ నాకోసం కొంగున కట్టుకుని ఏదో ఒకటి తెచ్చేది. వేయించిన వేరుసెనగకాయలు, బెల్లం గడ్డ, ఒకసారి కాకరకాయ కూడా. కాకరకాయ ఎందుకు తెచ్చిందో ఇప్పటికీ తెలియదు. పేరు అడగడం మా చట్టంలో లేదు గనక నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు పిల్లలు లేరని ఒకసారి మాటల్లో అంది. పుట్టి కనపడగానే నేను రేవు దాకా ఉరికేదాన్ని. పోయేటప్పుడు నీళ్ళలో పుట్టి తిరుగుతూ తిరుగుతూ చిన్నదయ్యే దాకా నిలబడేదాన్ని. నాకు ఆమె మీద ఎంత ప్రేమ ఉండేదో చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తర్వాత మూడు నాలుగు నెలలు రాలేదు. నేను అవ్వను వేపుకు తిన్నాను. "వస్తది తియ్యే. మూట ఉన్నది గద, యాడికి పోతది?" అంది అవ్వ. ఆ మాట నా మనసులో మేకులా దిగబడింది. మూట ఉన్నంత కాలం వస్తుంది.

వానాకాలం మొదట్లో, మిట్ట మధ్యాహ్నం, ఒక మనిషి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. రుమాలు మడతలోంచి ముక్క తీశాడు. హంస అంచు, చిన్నమ్మ సగం.

"అవ్వా, నేను ఆమె మొగుణ్ణి. ఆమెకు..." అని మొదలుపెట్టాడు.

అవ్వ చెయ్యి ఎత్తి ఆపింది. "కారణం నాకు వద్దు నాయినా. ఈ ఇంట్ల ఎవ్వరూ కారణం చెప్పరు. ముక్క కలిస్తే మూట నీది. బిడ్డా, తీస్కరా పో."

లోపలి గదిలో దారం ముందు నిలబడ్డాను. చిన్నమ్మ ముక్క నాకు చీకట్లో కూడా తెలుసు, హంస మెడ దగ్గర కత్తెర లోపలికి పోయి మళ్ళీ బయటికి వచ్చినది. దాన్ని పట్టుకున్నాను. ఇప్పుడు ఇది విప్పి ఇస్తే మూట పోతుంది. మూట పోతే ఆమె నది దాటి ఎందుకు వస్తుంది? దాని పక్కనే ఇంకో హంస ముక్క ఉంది, ఒకే చీర కొసది, వేరే ఎవరిదో. నేను దాన్ని విప్పాను.

అవ్వ రెండూ ఆనించి వేలితో తడిమింది. మళ్ళీ తడిమింది. "అంచు ఒక్కటే గాని కోత కలుస్తలేదే" అని నా వైపు తిరిగింది. "ఇంకో హంస ఉన్నదా చూడు."

"లేదవ్వా, గిదొక్కటే" అన్నాను.

అవ్వ మొహం మారిపోయింది. ఎవడో అదే రకం అంచు సంపాదించి మోసం చేయడానికి వచ్చాడనుకుంది. ఆ భయం ఆమెకు ఎప్పుడూ ఉండేది. "పో నాయినా. మంచిమాటతోని పో. పటేలును పిలిపిస్తే బాగుండదు" అంది. అతను ముక్కను అటు తిప్పీ ఇటు తిప్పీ పెట్టి చూశాడు. "ఇదే ఇచ్చినాది అవ్వా, నా ఎదురుగా కొంగున కట్టుకునింది" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. "కారణం వద్దన్న గద!" అని అవ్వ గట్టిగా అరిచింది. నాయన మగ్గం ఆపి, తల ఎత్తి, నన్ను చూశాడు. మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు.

అతను వెళ్ళిపోయాక నాకు సంతోషం కలిగింది. ఈ మాట దాచను. చిన్నమ్మ ఇక తనే రావాలి, రాక తప్పదు అనుకుంటూ ఆ రోజు రాట్నం మీద నాలుగు నూలు కండెలు ఎక్కువే చుట్టాను.

మర్నాడు పుట్టి నడిపే ఆయన మజ్జిగ తాగడానికి వచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడే. తాగుతూ తాగుతూ అన్నాడు. "నిన్న మీ ఇంటికొచ్చినాయన పరేషాన్‌ల ఉన్నడవ్వా. రేవుల కూసోని చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. పెండ్లానికి కడుపుల గడ్డనంట. కర్నూలు దవాఖానల కోసి తియ్యాల్నంట. చేతిల పైస లేదు, ఎద్దును అమ్ముత అనుకుంట పోయిండు."

నా చేతిలో రాట్నం ఆగిపోయింది. అవ్వ మాత్రం, "అయ్యో పాపం, ఎవలో ఏమో" అంది. ఆమెకు తెలియదు గదా, ఆ పెండ్లాం ఎవరో.

లోపలికి పోయి రెండు హంస ముక్కలూ విప్పుకొచ్చాను. అవ్వ ఒళ్ళో పెట్టాను. "అవ్వా, నేను అబద్ధం చెప్పిన. రెండు ఉండె." ఇంకేం చెప్పానో గుర్తు లేదు, ఏడుపులో మాట ఎక్కడ పోయిందో. మూట పోతే చిన్నమ్మ రాదని చేశానని మాత్రం చెప్పాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చాలాసేపు ఆ రెండు ముక్కలనూ వేళ్ళతో రాస్తూ కూర్చుంది. "నీదేముందే," అంది ఆఖరుకు. "నోరు తెరిచి చెప్పొచ్చినోని నోరు మూసినదాన్ని నేను. అంత పెద్ద చట్టం ఏసుకున్న, మనిషి గుండెల ఏముందో ఇనకుండ."

నాయన గుంటలోంచి లేచాడు. నడి పగలు ఆయన లేవడం నేను చూడటం అదే మొదలు. పలక మీది పూత పగలగొట్టి మూట తీసి తల్లి చేతిలో పెట్టాడు. "నేను పోత అమ్మా, నువ్వు ఉండు" అన్నాడు.

"నువ్వు పోతే ఎవడో అంటరు. నేను పోవాలె."

అది ఎంత పెద్ద మాటో చెప్పాలి. అవ్వ పుట్టిన ఊరు ఆవలి ఒడ్డునే. అయినా ఇరవై ఏళ్ళుగా ఆమె ఆ ఒడ్డు తొక్కలేదు. తమకు రావలసిన సొమ్ము దాచిపెడుతోందని అక్కడి షావుకార్లు ఆమె మీద పళ్ళు నూరుకుంటూ ఉండేవారు. ఒడ్డు ఎక్కిందంటే చెయ్యి పట్టుకుని కోర్టుకు ఈడుస్తామని కబురు కూడా పెట్టారు. అన్న చనిపోయిన రోజున కూడా రేవులో నిలబడి, ఆవలి పొగ వైపు తిరిగి ఏడ్చి ఇంటికి వచ్చిందట. ఆ మనిషి మూటను బొడ్లో దోపుకుని, నా భుజం పట్టుకుని పుట్టి ఎక్కింది. రేవు పక్క సుంకం నాకా జవాను, "ఏంది అవ్వా, గిన్నేండ్లకు పయనం?" అన్నాడు. "చుట్టాన్ని చూసొస్త బిడ్డా" అంది. పుట్టి నది నడుమకు వచ్చినా ఆమె నా భుజం వదల్లేదు. ఆ భయం నావల్లనే గదా అనుకుంటే నీళ్ళలో దూకాలనిపించింది.

పుట్టి నడిపే ఆయనే ఇల్లు చూపించాడు. వాకిట్లో ఒక ఎద్దు గాటికి కట్టి ఉంది. దాని పక్క ఇంకో గాడి, పచ్చగడ్డి అలాగే ఉంది, ఎద్దు లేదు. నేను ఆ ఖాళీ తావు వైపు చూడలేకపోయాను. పొద్దున్నే వచ్చినకాడికి అమ్మేశాడట. అవ్వకు అది కనపడలేదు. నేను చెప్పాను.

చిన్నమ్మ భర్త మమ్మల్ని చూసి అరుగు మీదనుంచి లేచాడు. "ముక్క లేదు అవ్వా. కోపంలో ఏట్లో పారేసినా" అన్నాడు.

"నీ ముక్క ఎవలడిగిండ్రు నాయినా" అని అవ్వ మూట తీసి అతని చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది. "తప్పు మాది. నిన్ను దొంగ అన్నదాన్ని, జర మాఫ్ చెయ్యి." అప్పటిదాకా అవ్వ ఎవరినీ అలా అడగ్గా నేను వినలేదు.

చిన్నమ్మ లోపల నులక మంచం మీద ఉంది. ఎండిపోయింది. పొట్ట మాత్రం ఎత్తుగా ఉంది. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. దగ్గరికి రమ్మంది. పోలేదు. నిలబడ్డచోటే జరిగింది చెప్పేశాను. ముక్క నేనే మార్చాను, నా వల్లనే ఎద్దు పోయింది అన్నాను.

భర్త గడపలో ఉండి విన్నాడు. అతను నన్ను చూసిన చూపు నాకు న్యాయంగానే అనిపించింది.

"ఎందుకు పాపా?" అంది చిన్నమ్మ.

"మూట పోతే నువ్వు రావని."

"మూట లేకుంటే రానని ఎవురు సెప్పినారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. మా ఇంటికి మూట లేకుండా వచ్చిన మనిషిని నేను ఎన్నడూ చూడలేదు, అంతే. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలో తెలియక ఏడ్చాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. జ్వరంతో ఆ చెయ్యి కాలిపోతోంది. పక్కింటివాళ్ళ ఎద్దును అడిగి తెచ్చి బండి కట్టేదాకా వదల్లేదు.

బండి కర్నూలు దారి పట్టింది. మమ్మల్ని ఎవరూ పట్టుకోలేదు, ఏ కోర్టుకూ ఈడ్వలేదు. పొద్దుండగానే ఇల్లు చేరాం.

ఆ తర్వాత నాకు అన్నం సయించలేదు. పుట్టి నడిపే ఆయన కనపడితే అడగాలని, ఏం వినాల్సి వస్తుందోనని దాక్కోవాలని, రెండూ ఒక్కసారే అనిపించేవి. కడుపు కోశారట, గడ్డ తీశారట, ఇంకా మాట లేదట, మాట వచ్చిందట, ఇలా తలా ఒక కబురు తునకలు తునకలుగా నది దాటి వచ్చేది. ఆ నెలల్లో అవ్వ ఎవరి మూటా ఊరికే పుచ్చుకోలేదు. "నువ్వు రాలేకుంటే ఎవలొస్తరు, ఏ కష్టం పడితే వస్తరు, జర చెప్పి పో" అని అడిగేది. కొందరు నొచ్చుకుని మూట పెట్టకుండానే పోయారు. పోనీ అంది.

వేరుసెనగ పీకే రోజుల్లో ఒక పొద్దున మా వాకిట్లో గాజుల చప్పుడు వినపడింది. చూస్తే చిన్నమ్మ. సగమైపోయింది. గోడ పట్టుకుని నిలబడి ఆయాసం తీర్చుకుంటోంది. ఎవరు వచ్చినా ముందు లోపలికి ఉరకడం నాకు అలవాటు. ఉరికాను. దారం ముందు నిలబడి, ముక్కలన్నీ చేత్తో పట్టుకుని వెతుకుతున్నాను. ఏది విప్పాలో తోచడం లేదు. ఆమెది ఏదీ అక్కడ లేదని తెలియడానికి నాకు అంతసేపు పట్టింది.

బయటినుంచి అవ్వ కేకేసింది. "ఏం తెస్తవే లోపలికెళ్ళి? ఆమెది మన కాడ ఏం లేదు. ఉత్తగనే వచ్చింది. చెంబుతోని నీళ్ళు తే!"

చెంబు ముంచుకుని, ఉరుకుతూ సగం దారిలోనే ఒలకబోసుకుంటూ, మిగిలినవి తీసుకుపోయి ఆమెకు ఇచ్చాను.